ఐదో స్థానం

2018 సెప్టెంబర్ 29న అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, మెరిడియన్ అనే పట్టణంలో ఒక కార్ల రేసు జరిగింది. పావు మైలు చుట్టుకొలత ఉన్న చిన్న ట్రాక్. ఆఖరి చుట్టులో పదిహేడేళ్ళ అమ్మాయి ఒకరు ముందున్న కారుని వెనక నుంచి తన కారుతో నెట్టి, అది కాస్త పక్కకి జరగ్గానే దొరికిన సందులోంచి దూసుకుపోయి గెలిచింది. ఆమె పేరు హేలీ డీగన్. ఆ గెలుపు వార్త ఎక్కడ వచ్చినా పేరుకి ముందు ఒక విశేషణం వచ్చింది: 'మొదటి మహిళ'. నాస్‌కార్ సంస్థ నడిపే కె అండ్ ఎన్ ప్రో సిరీస్‌లో రేసు గెలిచిన మొదటి మహిళ.

నేను చదువుకున్నది సాహిత్యం. ఇంజన్ల గురించి నాకున్న జ్ఞానం బహు స్వల్పం. కానీ విశేషణాలు చూసినప్పుడు వాటిని విప్పి చూడటం మా చదువు నేర్పిన అలవాటు. ఈ 'మొదటి' అన్న మాటని పట్టుకుని వెనక్కి వెళ్తే, ఒక వింత అంకె ఎదురవుతుంది. నాస్‌కార్ అత్యున్నత శ్రేణి అయిన కప్ సిరీస్‌లో ఇప్పటివరకూ ఒక స్త్రీ సాధించిన అత్యుత్తమ స్థానం ఐదు. అది సాధించింది సారా క్రిస్టియన్. సాధించిన రోజు 1949 అక్టోబర్ 2.

అంటే ఆ సంస్థ కప్ రేసులు మొదలుపెట్టిన మొదటి ఏడాదే. ఆ తర్వాత 1977లో ఒకామె, 2014లో ఇంకొకామె ఆరో స్థానం దాకా వచ్చారు. ఐదో స్థానాన్ని ఎవరూ దాటలేదు. 2025 సీజన్ ముగిసేసరికి కూడా నాస్‌కార్‌లోని పై మూడు శ్రేణుల్లో దేంట్లోనూ ఒక స్త్రీ రేసు గెలవలేదు.

చరిత్ర ముందుకే నడుస్తుందని, స్త్రీలు ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారని చెప్పుకోవడం మనకి అలవాటు. మరి డెబ్భై ఐదేళ్ళకి పైగా కదలని ఈ ఐదో స్థానాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

*

ముందు ఈ ఆట సంగతి. స్టాక్ కార్ అంటే మొదట్లో షాపులో కొన్న మామూలు కారే. ఫార్ములా వన్ కార్లలా రేసు కోసమే పుట్టినది కాదు. అమెరికా దక్షిణాది కొండ ప్రాంతాల్లో దొంగసారా రవాణా చేసే కుర్రాళ్ళు పోలీసులకి దొరక్కుండా పారిపోయేందుకు ఇంటి కార్లకే ఇంజన్లు మెరుగుపరచుకునేవారు. ఎవరి కారు వేగమో తేల్చుకునే పందేలు పొలాల్లో, మట్టి ట్రాక్‌ల మీద మొదలయ్యాయి. 1948 ఫిబ్రవరిలో బిల్ ఫ్రాన్స్ అనే వ్యాపారి ఈ పందేలని ఒక గొడుగు కిందికి తెచ్చి నాస్‌కార్ సంస్థని రిజిస్టర్ చేశాడు. ఇవాళ వీటి కార్లు రేసు కోసమే కట్టినవి, బయటి రూపం మాత్రమే మామూలు కార్లని గుర్తుచేస్తుంది.

ఇందులో స్త్రీలకి వేరే పోటీ లేదు. పరుగు, ఈత, టెన్నిస్, క్రికెట్ అన్నిటా ఆడవాళ్ళకి వేరే జట్టు, వేరే కప్పు, వేరే జీతం ఉంటాయి. మోటారు రేసుల్లో అందరూ ఒకే గీత దగ్గర నుంచి బయల్దేరతారు. కారుకి నడిపేది ఎవరో తెలియదు. అందువల్ల ఇక్కడ ఏ శారీరక కారణమూ చెప్పకుండా స్త్రీలని బయట ఉంచడం ఎలా సాధ్యమైందో చూడొచ్చు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు బరిలో ఉన్న ఇరవై ఇద్దరు డ్రైవర్లూ మగవాళ్ళే. రావద్దని ఏ నిబంధనా చెప్పలేదు. నిబంధన అవసరం లేకుండా జరిగే పనులే పితృస్వామ్యం సామర్థ్యానికి అసలు గుర్తులు.

మొదట్లో మాత్రం ఇలా లేదు. 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగిన మొట్టమొదటి రేసులోనే సారా క్రిస్టియన్ ఉంది. మూడు వారాల తర్వాత జూలై 10న డేటోనాలో, సగం సముద్రపు ఇసుక సగం రోడ్డుగా ఉన్న ట్రాక్ మీద ముగ్గురు స్త్రీలు పోటీ చేశారు: సారా క్రిస్టియన్, ఎథెల్ మాబ్లీ, లూయీస్ స్మిత్.

ఎథెల్ ముగ్గురు అన్నదమ్ములు టిమ్, ఫాంటీ, బాబ్ ఫ్లాక్ అప్పటికే పేరున్న రేసర్లు. ఆమెకి ఆ పేరు 'ఇథైల్' పెట్రోలు మీద పెట్టారని చెప్పుకునేవారు. ఆ రోజు టిమ్ రెండో స్థానంలో వచ్చాడు. ఎథెల్ పదకొండో స్థానంలో వచ్చింది, మిగిలిన ఇద్దరు సోదరులూ ఆమె వెనక ఉన్నారు. ఆ తర్వాత ఆమె కప్ సిరీస్‌లో ఇంకొక్క రేసు మాత్రమే నడిపింది. అన్నదమ్ముల పేర్లు రేసుల చరిత్ర పుస్తకాల్లో అధ్యాయాలయ్యాయి. ఆమె ఒక ఆసక్తికరమైన వాక్యంగా మిగిలింది.

లూయీస్ స్మిత్ సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ వాసి. భర్తకి పాత కార్ల సామాన్ల వ్యాపారం. 1946లో తొలిసారి పోటీకి దిగినప్పుడు ఎర్ర జెండా చూస్తే ఆగమని మాత్రమే ఎవరో చెప్పారట. రేసు ముగిసినట్టు గళ్ళ జెండా ఊపినా, మిగతావాళ్ళు ఆగిపోయినా, ఆమె ఒక్కతే తిరుగుతూనే ఉంది. మూడో స్థానంలో వచ్చానని తర్వాత తెలిసింది. 1947లో రేసు చూసొస్తానని భర్త కొత్త ఫోర్డ్ కారు తీసుకుని డేటోనా వెళ్ళి, చూడటంతో ఆగక పోటీలో దిగి, దాన్ని నుజ్జు చేసింది. కారు ఏదని భర్త అడిగితే దారిలో అగస్టా దగ్గర చెడిపోయిందని చెప్పింది. ఆయన అప్పటికే పేపర్లో పడిన బొమ్మ తీసి చూపించాడు.

ఈ కథ చెప్పి నవ్వుకోవడం రేసుల చరిత్రకారులకి ఇష్టం. అల్లరి పిల్ల కథగా, ఇంటికి తెలియకుండా చేసిన చిలిపి పనిగా ఇది బాగా పండుతుంది. కానీ ఇదే లూయీస్ రకరకాల పోటీల్లో కలిపి 38 రేసులు గెలిచిందన్న వాక్యం చదివాక, ముందు చెప్పిన కథ ఆమె నైపుణ్యాన్ని ఎంతగా కప్పేసిందో అర్థమవుతుంది. మగ రేసర్ల గురించి చెప్పే కథలు వాళ్ళు ఎలా గెలిచారో చెబుతాయి. ఆడ రేసర్ల గురించి చెప్పే కథలు వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారో చెప్పి ఆగిపోతాయి.

ఇక సారా క్రిస్టియన్. ఆ ఏడాది జరిగినవి మొత్తం ఎనిమిది కప్ రేసులు. అందులో ఆరింటిలో పాల్గొంది. సెప్టెంబర్‌లో లాంగ్‌హార్న్‌లో ఆరో స్థానంలో వచ్చినప్పుడు, గెలిచిన కర్టిస్ టర్నర్ ఆమెని విజేత నిలబడే చోటికి తనతో పాటు పిలిచాడు. అక్టోబర్ 2న పిట్స్‌బర్గ్ దగ్గర హైడెల్‌బర్గ్ ట్రాక్‌లో ఐదో స్థానం. సీజన్ ముగిసేసరికి డ్రైవర్ల మొత్తం పట్టికలో పదమూడో పేరు ఆమెది. 1950లో ఒక్క రేసు, ఆ తర్వాత లేదు.

1949లో ఈ స్త్రీలకి తలుపు తెరిచింది ఆదర్శం కాదు, టికెట్ల అమ్మకం. కొత్తగా పుట్టిన సంస్థకి జనం కావాలి. ఆడది కారు నడుపుతుందంటే చూడటానికి జనం వస్తారని బిల్ ఫ్రాన్స్‌కి తెలుసు. సంస్థ నిలదొక్కుకుని, కార్ల కంపెనీల డబ్బు వచ్చి, రేసు ఒక వృత్తిగా గట్టిపడ్డాక ఆ ఆకర్షణ అవసరం తీరిపోయింది. 1950ల తర్వాత ఒకరిద్దరు మినహా స్త్రీలు కప్ రేసుల్లో కనిపించరు. కార్లు బాగుచేసే గారేజీలోకి, టైర్లు మార్చి పెట్రోలు పోసే పిట్‌లోకి ఆడవాళ్ళు అడుగుపెట్టకూడదన్న ఆచారం బలపడింది. వేరే తరహా రేసులకి పేరుమోసిన ఇండియానాపొలిస్‌లోనూ 1970ల మొదటి దాకా ఆడ విలేఖరులని కూడా పిట్‌లోకి రానివ్వలేదు. ఈ రంగంలో స్త్రీకి మిగిలిన చోటు ఒక్కటే: గెలిచినవాడి పక్కన కిరీటం పెట్టుకుని నిలబడి ట్రోఫీ అందించే అందాల రాణి చోటు.

ఒక వృత్తి ఇంకా వృత్తి కానప్పుడు స్త్రీలు అందులో ఉంటారు. అది డబ్బూ గౌరవమూ తెచ్చే వృత్తి అయ్యేటప్పుడు వాళ్ళు బయటికి వెళ్ళిపోతారు. మంత్రసానితనం నుంచి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ దాకా మనకి తెలిసిన కథే ఇది.

*

జానెట్ గత్రీ 1938లో అయోవాలో పుట్టింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, విమానాల కంపెనీలో ఇంజనీరుగా చేసింది. అంతరిక్షంలోకి శాస్త్రవేత్తలని పంపేందుకు నాసా దరఖాస్తులు పిలిస్తే మొదటి వడపోతలో నిలిచింది. ఒక పాత జాగ్వార్ కారు కొని, దాని ఇంజన్ తనే విప్పి బిగించుకుంటూ పదమూడేళ్ళు రకరకాల రేసుల్లో తిరిగింది. వెనక తండ్రి లేడు, భర్త లేడు, అన్నదమ్ములు లేరు.

1976 మే నెలలో ఇండియానాపొలిస్‌లో పోటీ చేయడానికి వెళ్తే తగిన కారు దొరకలేదు. పేరుమోసిన ఎ.జె. ఫోయిట్ తన అదనపు కారు ప్రాక్టీసుకి ఇస్తే దానితో అర్హతకి సరిపడే వేగం అందుకుంది, కానీ ఆ కారు రేసుకి దక్కలేదు. ఆ సంచలనం చూసి షార్లెట్ ట్రాక్ నిర్వాహకుడు ఆమెని తన 600 మైళ్ళ స్టాక్ కార్ రేసుకి రప్పించాడు. మళ్ళీ అదే టికెట్ల లెక్క. అయితే ఈసారి కారు సొంతదారు కూడా స్త్రీయే. లిండా ఫెరేరీ అనే బ్యాంకు అధికారిణి ఆమె కోసం షెవ్రొలే కారు కొన్నది. 600 మైళ్ళు ఆడమనిషి తట్టుకోలేదని అందరూ అనుకున్నారు. ఆనాటి స్టాక్ కార్లకి పవర్ స్టీరింగ్ లేదు, కారు లోపల కొలిమిలా ఉంటుంది. మే 30న ఆమె ఆ రేసు పూర్తి చేసి పదిహేనో స్థానంలో వచ్చింది.

మరుసటి ఏడాది డేటోనా 500లో ఇంకో పది చుట్లు ఉన్నాయనగా ఎనిమిదో స్థానంలో ఉండి, ఇంజన్ దెబ్బతిని పన్నెండో స్థానంలో ముగించింది. కొత్తగా వచ్చినవాళ్ళలో ఆమెదే మొదటి స్థానం. జూలైలో అదే డేటోనాలో ఆమెతో పాటు ఇటలీ నుంచి లెల్లా లాంబార్డీ, బెల్జియం నుంచి క్రిస్టీన్ బెకర్స్ పోటీ చేశారు. 1949 తర్వాత ఒకే కప్ రేసులో ముగ్గురు స్త్రీలు కనిపించిన రోజు అది. ఆగస్టులో బ్రిస్టల్‌లో గత్రీ ఆరో స్థానంలో వచ్చింది.

1977లో ఆమె కారు మీద రాసి ఉన్న స్పాన్సర్ పేరు 'కెల్లీ గర్ల్'. ఆఫీసులకి తాత్కాలికంగా టైపిస్టులని, సెక్రటరీలని సరఫరా చేసే కంపెనీ అది. గంటకి రెండొందల మైళ్ళ దగ్గరి వేగంతో పోయే కారు మీద 'గర్ల్' అన్న మాట! నడిపేది ముప్ఫై తొమ్మిదేళ్ళ భౌతికశాస్త్రజ్ఞురాలు. స్త్రీ శ్రమని చవకగా, తాత్కాలికంగా అద్దెకిచ్చే వ్యాపారం ఆ శ్రమకి హద్దుల్లేవని చూపించే మనిషిని ప్రకటనగా వాడుకుంది. తాత్కాలికం అన్నది చివరికి ఆమెకీ వర్తించింది.

33 కప్ రేసులు, అంతే. 1980లో డేటోనా 500లో పదకొండో స్థానంలో వచ్చిన డ్రైవర్‌కి ఆ ఏడాది తర్వాత కారు దొరకలేదు. రేసు కారుకి డబ్బు కావాలి, డబ్బు స్పాన్సర్ దగ్గర ఉంటుంది, స్పాన్సర్ ఆఫీసుల్లో కూర్చున్నది మగవాళ్ళు. 1983 దాకా ఆ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆమె ఆగిపోయింది. తర్వాత తన కథ తను రాసుకుంది. 'ఎ లైఫ్ ఎట్ ఫుల్ థ్రాటిల్' అన్న ఆ ఆత్మకథ 2005లో వచ్చింది. ఆమె కప్ రేసుల్లో ఉన్నది ఐదు సీజన్లలో కొద్ది రోజులు, పుస్తకం బయటికి రావడానికి పట్టినది రెండు దశాబ్దాలు. ట్రాక్ మీద తనకి ఇవ్వని కాలాన్ని ఆమె కాగితం మీద తీసుకుంది అనిపిస్తుంది. 2024లో నాస్‌కార్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకి ప్రత్యేక పురస్కారం ఇచ్చింది. అప్పటికి ఆమె వయసు ఎనభై దాటింది.

*

'మొదటి' అన్న మాట మన సాహిత్య చరిత్రలో కూడా చిన్నది కాదు. 1910 నాటి 'దిద్దుబాటు'ని తొలి తెలుగు కథగా చదువుకున్న మనకి, భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902లోనే వచ్చిందని స్త్రీవాద పరిశోధకులు గుర్తుచేయాల్సి వచ్చింది. అక్కడ స్త్రీకి దక్కవలసిన 'మొదటి' అన్న మాట దక్కలేదు. దాని కోసం వాదించడం అవసరమైంది.

రేసుల చరిత్రలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ ప్రతి తరంలో ఒక స్త్రీకి 'మొదటి' అన్న బిరుదు ధారాళంగా ఇస్తారు. 1976లో గత్రీ పెద్ద ట్రాక్ మీద కప్ రేసు నడిపిన మొదటి స్త్రీ. 1988లో షానా రాబిన్సన్ నాస్‌కార్ పర్యటన సిరీస్‌లో రేసు గెలిచిన మొదటి స్త్రీ, 1994లో రెండో శ్రేణి రేసుకి అందరికంటే ముందు నిలబడే 'పోల్' సాధించిన మొదటి స్త్రీ. 2013లో డానికా పాట్రిక్ కప్ సిరీస్‌లో పోల్ సాధించిన మొదటి స్త్రీ. 2018లో హేలీ డీగన్. ఒక్కొక్కటీ నిజమే. కానీ ప్రతిసారీ ఆ గీత కొంచెం పక్కకి జరుగుతుంది, వర్గం కొంచెం చిన్నదవుతుంది. ప్రతి ఒక్కరూ శూన్యంలోంచి పుట్టినట్టు కనిపిస్తారు. ముందు నడిచినవాళ్ళు మాయమైతేనే కదా, వెనక వచ్చిన ప్రతివాళ్ళూ మొదటివాళ్ళయ్యేది. ఒక చోట 'మొదటి' ఇవ్వకపోవడం ద్వారా, ఇంకో చోట పదే పదే ఇవ్వడం ద్వారా, రెండు చోట్లా జరిగింది ఒకటే: స్త్రీలకి పరంపర లేకుండా చేయడం.

షానా రాబిన్సన్ కథలో పరంపర తెగిన చోటు స్పష్టంగా కనిపిస్తుంది. 1994లో పోల్ సాధించింది. 1995 తర్వాత పెళ్ళి, పిల్లలు, కొన్నేళ్ళ విరామం. తిరిగి వచ్చి, 2002 డేటోనా 500లో ఇరవై నాలుగో స్థానంలో ముగించింది. మొత్తం ఎనిమిది కప్ రేసులు. ఆ ఏడాదే డబ్బు అయిపోయింది.

డానికా పాట్రిక్‌కి డబ్బు కొరత లేదు. 2008లో జపాన్‌లో ఇండీకార్ రేసు గెలిచి, ఆ తర్వాత స్టాక్ కార్లకి వచ్చింది. ఇక్కడ ఒక తమాషా చూడండి. గత్రీ కాలంలో ఆడవాళ్ళ ఒళ్ళు బలహీనం, కారుని లొంగదీయలేరు అన్నారు. 2005లో పాట్రిక్ ఇండియానాపొలిస్‌లో వేగంగా నడిపేసరికి, ఆమె బరువు తక్కువ కాబట్టి అది అన్యాయమైన లాభమని రాబీ గార్డన్ అనే డ్రైవర్ అభ్యంతరం చెప్పాడు. ఓడితే ఒళ్ళు కారణం, గెలిస్తే కూడా ఒళ్ళే కారణం.

ఆమె ప్రధాన స్పాన్సర్ గోడాడీ అనే ఇంటర్నెట్ కంపెనీ. ఆ కంపెనీ టీవీ ప్రకటనలు ఆమె శరీరాన్ని ఎలా వాడుకున్నాయో అమెరికా స్త్రీవాదులు చాలా చర్చించారు. నేను ఆ చర్చలో ఎవరి పక్షమూ తేలిగ్గా తీసుకోలేను. గత్రీకి డబ్బు ఇవ్వని మార్కెట్ పాట్రిక్‌కి ఇచ్చింది, కానీ తన షరతుల మీద ఇచ్చింది. ఆ షరతు ఒప్పుకోవడాన్ని లొంగుబాటు అనడం బయట కూర్చున్న మనకి సులువు.

2013 డేటోనా 500లో గంటకి 196.434 మైళ్ళ వేగంతో పోల్ సాధించిన పాట్రిక్, ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి మూడో స్థానంలో ఉంది. ముగింపులో ఎనిమిది. ఆ చుట్టులో ఏం జరిగిందో తెలియాలంటే డ్రాఫ్టింగ్ తెలియాలి. పెద్ద ట్రాక్‌ల మీద కార్లు ఒకదాని వెనక ఒకటి అంటుకుని పోతాయి. ముందు కారు గాలిని చీలుస్తుంది, వెనక కారుకి గాలి అడ్డు తగ్గుతుంది, రెండూ కలిసి ఒంటరి కారు కన్నా వేగంగా పోతాయి. వరసలోంచి పక్కకి వచ్చిన కారుకి వెనక నుంచి ఎవరో ఒకరు తోడు రాకపోతే అది వెనకబడిపోతుంది. అంటే ఇది ఒంటరి వీరుల ఆట కాదు. ఎవరు ఎవరి వెనక వెళ్ళాలన్నది ఏళ్ళ తరబడి కలిసి నడిపిన నమ్మకం మీద, అనుభవం మీద, ఇచ్చిపుచ్చుకోవడాల మీద ఆధారపడుతుంది. కప్ సిరీస్‌లో ఆమెకి అది మొదటి పూర్తి సీజన్. ఆ జ్ఞానం పుట్టుకతో రాదు, కాలంతో వస్తుంది.

191 కప్ రేసుల తర్వాత 2018లో పాట్రిక్ విరమించుకుంది. మొదటి పది స్థానాల్లో ఏడు సార్లు, అత్యుత్తమం ఆరో స్థానం.

*

ఇప్పుడు హేలీ డీగన్ దగ్గరికి వద్దాం. 2001లో కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో పుట్టింది. తండ్రి బ్రయాన్ డీగన్ మోటారుసైకిల్ విన్యాసాల్లో ప్రసిద్ధుడు. కూతురు చిన్నతనం నుంచే కొండ దారుల్లో, మట్టిలో బండ్లు నడిపింది. గత్రీకి లేనిది ఈమెకి ఉంది. ఈ ఆటలో ఆడపిల్ల ప్రవేశానికి తండ్రి అన్నది ఇప్పటికీ అత్యంత నమ్మకమైన ద్వారం.

2018లో మెరిడియన్. 2019లో లాస్ వేగస్ మట్టి ట్రాక్ మీద ఒకటి, కొలరాడోలో ఒకటి గెలుపు. కొలరాడోలో కూడా ఆఖరి చుట్టులో సొంత జట్టు కుర్రాడి కారుకి తగిలింది, అతని కారు గిరగిరా తిరిగింది. ఈ దూకుడు మీద పొగడ్తలూ వచ్చాయి, విమర్శలూ వచ్చాయి. స్టాక్ కార్ల చరిత్రలో ఇదే పని చేసి డేల్ ఎర్న్‌హార్ట్ 'ఇంటిమిడేటర్', అంటే హడలెత్తించేవాడు, అన్న బిరుదు పొందాడు. అతని విగ్రహాలున్నాయి.

అప్పటిదాకా టొయోటా కారు నడిపిన ఆమెని 2020 నాటికి ఫోర్డ్ తన శిక్షణ డ్రైవర్‌గా తీసుకుంది. ఆ ఏడాది ఆర్కా సిరీస్ పట్టికలో మూడో స్థానం. 2021 నుంచి మూడు పూర్తి సీజన్లు ట్రక్కుల సిరీస్‌లో. అక్కడ ఆమె అత్యుత్తమ ఫలితం 2022లో టాలడేగాలో ఆరో స్థానం. అభిమానుల ఓట్లతో 2021లోనూ ఆ మరుసటి ఏడాదీ ఆ సిరీస్‌లో అత్యంత ప్రజాదరణ పొందిన డ్రైవర్ ఆమే. 2024లో ఇంకో మెట్టు పైకి, ఎక్స్‌ఫినిటీ సిరీస్‌కి వెళ్ళింది. సగం సీజన్ గడిచేసరికి, జూలైలో, జట్టు ఆమె స్థానంలో వేరే డ్రైవర్‌ని కూర్చోబెట్టింది. ఇద్దరి దారులూ వేరయ్యాయి. 2025లో ఆమె స్టాక్ కార్లు వదిలి ఇండీ ఎన్‌ఎక్స్‌టీ అనే వేరే తరహా పోటీకి మారింది. అప్పటికి వయసు ఇరవై మూడు.

ఆమెకి ప్రతిభ ఉండి కూడా అణగదొక్కారని నేను వాదించబోవడం లేదు. ట్రక్కుల్లో ఆమె ఫలితాలు మామూలువి. చాలా రేసుల్లో మధ్యలోనో, వెనకనో ముగించింది. స్త్రీవాదులం కాబట్టి ఆ ఫలితాలని పెంచి చెప్పాల్సిన పని లేదు. నా ప్రశ్న వేరు. మామూలుగా ఉండే హక్కు ఎవరికుంది?

నలభై కార్లు దిగే రేసులో ప్రతివారం ముప్ఫై తొమ్మిది మంది ఓడిపోతారు. ఓటమే ఈ వృత్తిలో రోజువారీ స్థితి. ఓడుతూనే నేర్చుకోవాలి. మైఖేల్ వాల్‌ట్రిప్ అనే డ్రైవర్ 1985లో కప్ సిరీస్‌కి వచ్చాడు. పాయింట్ల లెక్కలోకి వచ్చే రేసులు 462 నడిపి ఒక్కటీ గెలవలేదు. 2001లో, 463వ ప్రయత్నంలో, డేటోనా 500 గెలిచాడు. అతను చాంపియన్ డారెల్ వాల్‌ట్రిప్ తమ్ముడు కూడా. పదహారేళ్ళ ఓటమిని భరించే ఓపిక ఆ రంగానికి ఉందన్నమాట. గత్రీకి 33, రాబిన్సన్‌కి ఎనిమిది. పాట్రిక్‌కి దొరికిన 191 కూడా వాల్‌ట్రిప్ తొలి గెలుపుకి ముందు నడిపిన వాటిలో సగానికి తక్కువే. ఆయన ఓటములు ఆయనవే. వీళ్ళ ఓటములు మాత్రం 'ఆడవాళ్ళు ఇంతే' అన్న రుజువుగా జమవుతాయి. మన విశ్వవిద్యాలయాల్లో ఒక మగ అధ్యాపకుడు పాఠం బాగా చెప్పకపోతే ఆయన బాగా చెప్పడు. ఒక ఆడ అధ్యాపకురాలు, లేదా రిజర్వేషన్‌లో వచ్చిన దళిత అధ్యాపకుడు చెప్పకపోతే, ఒక జాతి మొత్తం పరీక్ష తప్పుతుంది. ఈ పత్రిక పాఠకులకి ఇది విడమర్చి చెప్పనవసరం లేదు.

*

దళిత స్త్రీవాదం మనకి నేర్పిన ఇంకో ప్రశ్న కూడా ఇక్కడ అడగాలి. ఏ స్త్రీలు? నేను ఇప్పటిదాకా చెప్పిన నాస్‌కార్ డ్రైవర్లందరూ తెల్లవాళ్ళు. ఈ ఆట పుట్టిన దక్షిణాదిలో నల్లవాళ్ళు ట్రాక్ దగ్గరికి రావడమే సాహసం. వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవర్ 1963 డిసెంబర్ 1న జాక్సన్‌విల్‌లో గెలిస్తే ట్రోఫీ వేరే తెల్ల డ్రైవర్‌కి ఇచ్చారు. గెలిచింది స్కాటే అని గంటల తర్వాత, ప్రేక్షకులు వెళ్ళిపోయాక ఒప్పుకున్నారు. స్కాట్ 1990లో చనిపోయాడు. నాస్‌కార్ ఆ గెలుపు ట్రోఫీని ఆయన కుటుంబానికి అందించింది 2021లో. బానిసత్వం నిలవాలని యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండాని తన ట్రాక్‌ల దగ్గర నిషేధించడానికి ఆ సంస్థకి 2020 దాకా పట్టింది.

2021లోనే డీగన్ ఆన్‌లైన్ రేసు ఒకటి ఆడుతూ, వైకల్యం ఉన్నవాళ్ళని కించపరిచే మాట ఒకటి వాడి, క్షమాపణ చెప్పి, శిక్షణకి హాజరు కావలసి వచ్చింది. ఒక అంచున నిలబడ్డంత మాత్రాన మిగతా అంచులన్నీ కనిపించవు. ఆ మాట మన ఉద్యమాలకీ వర్తిస్తుంది.

2018లోనే, డీగన్ గెలిచిన ఏడాదే, బ్రెహానా డేనియల్స్ అనే నల్లజాతి యువతి కప్ రేసుల పిట్‌లో టైర్లు మార్చే పనిలోకి వచ్చింది. ఒకప్పుడు స్త్రీలు అడుగుపెట్టకూడదన్న అదే పిట్. సెకన్ల వ్యవధిలో చక్రాల బోల్టులు విప్పి బిగించే పని. ఆమెనీ 'మొదటి' అనే అన్నారు. తారల గురించి రాసినంతగా ఈ పని గురించి ఎవరూ రాయరు, కానీ ఒక వృత్తిలో స్త్రీలు నిలబడ్డారా లేదా అన్నది స్టీరింగ్ దగ్గర కంటే ఇక్కడే ముందు తెలుస్తుంది.

2025 మార్చి 9న ఫీనిక్స్‌లో కేథరీన్ లెగ్ అనే బ్రిటిష్ డ్రైవర్ కప్ రేసులో దిగింది. పాట్రిక్ వెళ్ళిపోయాక ఏడేళ్ళకి ఆ సిరీస్‌లో కనిపించిన స్త్రీ ఆమే. ఏడేళ్ళు ఒక్కరూ లేరు. అప్పుడు ఒక్కరు. 1949లో ఒకే రోజు ముగ్గురున్నారు, 1977లో ఒకే రోజు ముగ్గురున్నారు. ఆ రోజుల్లో ఒకామె వెనకబడితే ఇంకొకామె ముందుంది. ముగ్గురూ కలిసి 'స్త్రీ' అన్న ఒకే ముద్రలో ఇమడలేదు.

అందుకే ఇంకో 'మొదటి మహిళ' వార్త వచ్చినప్పుడు సంతోషించడంతో పాటు లెక్కలు కూడా అడగాలనిపిస్తుంది. ఆమెకి ముందు ఎవరున్నారు, ఆమె పక్కన ఎందరున్నారు, ఓడిపోవడానికి ఆమెకి ఎన్నేళ్ళు ఇస్తారు? సారా క్రిస్టియన్ ఐదో స్థానం గొప్పదే. కానీ అది ఇన్నేళ్ళు రికార్డుగా మిగిలి ఉండటం ఆమె గొప్పతనం గురించి చెప్పేదాని కంటే, ఆమె తర్వాత వచ్చినవాళ్ళకి దొరకనిదాని గురించే ఎక్కువ చెబుతుంది. ఆ రికార్డు పోవాలంటే మొదటి స్త్రీ చాలదు. ఇరవయ్యో స్త్రీ రావాలి. ఆమె పేరు ముందు ఏ విశేషణమూ లేకుండా రావాలి.